అద్దె యింటి గోడ బూజు

ఊరగాయ జాడిలో బూజు కనబడినచో మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న యొకటే: తడిగరిటె పెట్టినవారెవరు? బూజును ఎవరును నిందింపరు; నీటిని నిందింతురు. నీరు చొరని జాడి యేడాది నిలుచుననియు, ఒక్క తడిచేయి తగిలిన జాడి నెల నిలువదనియు అక్షరము రాని ముత్తవ్వకుకూడ తెలియును. ఆ బూజే గోడకు పట్టినప్పుడు మాత్రము చాలమంది యీ వివేకమును విడిచి, రంగు డబ్బాకై బజారునకు మనిషిని పంపుదురు. రంగు మూడు నెలలు మెఱయును. తరువాత నల్లని చుక్కలు మరల తొంగిచూచును.

తెలుగున బూజు అను మాట రెండు వస్తువులకు చెల్లుచున్నది. సంక్రాంతికి ముందు పొడవాటి కఱ్ఱకు చీపురు గట్టి దులిపెడు సాలెగూళ్ల బూజొకటి. చెమ్మగోడపై నల్లగానో పచ్చగానో లేచి, ముక్కునకు ముతకవాసన గొట్టునది రెండవది. మొదటిది దులిపినచో పోవును. రెండవదానిని పొడి చీపురుతో దులిపినచో, దాని విత్తనములవంటి సూక్ష్మరేణువులు గదియంతయు నెగిరి, కొన్ని యింటివారి యూపిరితిత్తులలోనికిని, కొన్ని ప్రక్కగోడ మీదికిని పోవును. పేరొకటే గనుక మందును ఒకటేయనుకొని పనిమనిషి చేతికి చీపురిచ్చుట పలుచోట్ల చూచుచున్నాము. సోదరీమణులు ముందుగా నీ యొక్క పని మాన్పింపవలెనని మా మనవి.

మేము విశాఖపట్టణమున పెదవాల్తేరులో అద్దెకుందుము. 2021 ఏప్రిల్ నెలలో ఈ యింటికి వచ్చితిమి. ఒకే యంతస్తు గల పాత డాబా యిల్లు. ముందువైపు రెండు వాటాలు ప్రక్కప్రక్కన నున్నవి. వెనుకగదులలో ఇంటి యజమానురాలుందురు. వేసవిలో గోడలు తెల్లగా, పొడిగా నుండి, సముద్రపుగాలి హాయిగా వీచుచుండుటచే మంచి యిల్లు దొరకినదని సంతసించితిమి. నైరృతి ఋతుపవనము వచ్చిన మూడు వారములకు మా యింటివారి తోలు చెప్పుల మీద పచ్చని పొడి కనబడినది. తరువాత చపాతీపీటకు, గొడుగు పిడికి, పుస్తకముల వీపులకు. శ్రావణమున వరలక్ష్మీ వ్రతము నాడు పట్టుచీర కొఱకు పెట్టె తెఱవగా జరీయంచు పొడవునను తెల్లని మచ్చలు. ఆ వారమే పడకగది పడమటిగోడ పైభాగమున రూపాయి బిళ్లంత నల్లని మచ్చలు లేచి, పది దినములలో చేటంత విస్తరించినవి.

చీర సంగతి సరే. మా చిన్నపిల్లకప్పుడు ఏడేండ్లు. దానికి మొదటినుండియు ఉబ్బసపు తత్త్వము కలదు. కాని చలికాలమున రెండుమూడు రాత్రులు మాత్రమే బాధపడి తేరుకొనెడిది. ఆ భాద్రపదమున వరుసగా పదునొకండు రాత్రులు దాని ఱొమ్మున పిల్లికూతలు వినుచు మేలుకొంటిమి. వైద్యురాలు పిల్లను పరీక్షించి, మందు వ్రాసి, చివరకు అడిగిన ప్రశ్న: “పిల్ల మంచము ఏ గోడకు ఆనుకొని యున్నది?” ఆ రాత్రియే మంచమును ముందుగదిలోనికి జరిపితిమి.

బూజు అనునది ఒక శిలీంధ్రము, పుట్టగొడుగుల జాతిది. దాని రేణువులు గాలిలో నెల్లెడల నుండును. ఎంత శుభ్రముగ నుంచిన యింటనైనను ఉండును. వానికి తిండి కఱవు లేదు. గోడమీది రంగులోని జిగురు, దుమ్ము, కొయ్య, కాగితము, పట్టు, తోలు అన్నియు తిండియే. కొఱతపడునది నీరొక్కటే. ఒక వస్తువు తడిసి 24 గంటలు, మించిన 48 గంటలలోపల ఆఱినచో సాధారణముగా బూజు మొలవదు, ఆఱనిచో మొలచును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2009లో చెమ్మయిండ్లను గుఱించి ప్రత్యేకముగ నొక గ్రంథము ప్రకటించి, చెమ్మయు బూజును గల యిండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము హెచ్చుగా కనబడుచున్నవనియు, ఇంతవఱకు బూజున్నను ప్రమాదము లేదని గీత గీయుటకు వీలులేదనియు, చెమ్మను అరికట్టుటయే మార్గమనియు తెల్పిరి. నల్లబూజు మాత్రమే మహావిషమని కొందఱు భయపెట్టుదురు. రంగునుబట్టి దాని గుణము నిర్ణయింపరాదు. ఏ రంగుదైనను పడకగదిలో నుండదగినది కాదు. 1928లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగుగారి గాజుపళ్లెరములో పడిన బూజు వలననే గదా పెన్సిలిను దొరకినది! కావున ఆ జాతియందు మాకు ద్వేషము లేదు. మా పిల్ల తలగడయొద్ద మాత్రము దానికి చోటీయజాలము.

ఇక యజమానురాలి మాట. ఆమెను పిన్నిగారని పిలుతుము. భర్త గతించిన పిమ్మట ఈ రెండు వాటాల యద్దెయే యామెకు జీవనాధారము. అద్దెయింటి కథలలో యజమానులందఱును రాక్షసులుగా కనబడుట యలవాటు. ఈమె యట్టివారు కారు. ఆమెను పిలిచి గోడ చూపితిమి. కొంగుతో ముక్కు మూసికొని చూచి, “మీకు ముందున్నవాళ్లు ఆరేళ్లున్నారమ్మాయీ, ఒక్కనాడూ ఈ మాట అనలేదు. మీరు గదిలో దండెం కట్టి బట్టలారేస్తారు. పొద్దస్తమానం వంట. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది?” అనిరి. వానదినములలో ఇంట బట్టలారవేసినచో గాలిలో తేమ హెచ్చును, నిజమే. కాని మా దండెము ముందుగదిలోనిది. మచ్చలు లేచినది పడకగదిలో. ఆ మాట చెప్పితిమి. “ఏమో తల్లీ” అని వెడలిపోయిరి.

ప్రక్కవాటా యామె ఆ సాయంకాలము వచ్చి, “వదినగారూ, ఎక్కువ మాట్లాడకండి. రంగు మేమే వేసుకుంటామని చెప్పి ఊరుకోండి. లేకపోతే ఖాళీ చెయ్యమంటారు” అని హితము చెప్పెను. అద్దెకున్న వారికీ భయము సామాన్యమైనది కాదు. పిల్లల బడి దగ్గఱ. మా యింటివారి కార్యాలయము దగ్గఱ. ఈ యద్దెకు ఈ పేటలో మఱియొక యిల్లు దొరకదు. నోరెత్తినచో ఇల్లు పోవును. ఎత్తనిచో ఇల్లు విడుచునాడు అవే మచ్చలను చూపి యడ్వాన్సులో కోసికొందురు. నడుమ పిల్ల దగ్గు. అద్దెయిండ్లలో స్త్రీలు గోడల కడ్డముగా క్యాలెండర్లు వ్రేలాడదీయుటకు కారణమిదియే. తరువాత తాపీమేస్త్రీ వచ్చి యా గోడను గోకినప్పుడు తెలుపుక్రింద గులాబి, దానిక్రింద పసుపు, దానిక్రింద ఆకుపచ్చ, పొరలు పొరలుగా నూడివచ్చినవి. పూర్వపు కాపురస్థులు ఒక్కనాడును ఈ మాట యనలేదనుట సత్యమే. ఏటేట తమ డబ్బుతో రంగు వేసి యూరకుండిరన్నమాట.

వాదమువలన తేలునది లేదు గనుక గోడనే సాక్ష్యమడిగితిమి. ఈ పరీక్ష మిక్కిలి సులభము. ఖర్చు పది రూపాయలు కాదు. జానెడు పొడవు, జానెడు వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమును తీసికొని, గోడను పొడిబట్టతో నొత్తి, కొంతసేపు ఫ్యానుగాలి తగులనిచ్చి, కాగితమును గోడకు పఱచి, నాలుగంచులను గాలి చొరకుండ జిగురు టేపుతో నంటింపవలెను. రెండు దినములట్లే యుంచవలెను. గోడకు తాకు వైపున చెమ్మ చేరినచో నీరు గోడలోనుండి వచ్చుచున్నదని యర్థము. మనవైపున, అనగా గదివైపున, చెమటపట్టినట్లు తడియైనచో నీరు గదిగాలినుండి వచ్చి చల్లనిగోడపై దిగుచున్నదని యర్థము. మేము మూడుచోట్ల మూడు కాగితములంటించితిమి. అంటించునప్పుడును, చూచునప్పుడును పిన్నిగారిని పిలిచితిమి. ఆమెకది వినోదముగ నుండెను. మొదటిదినము రాత్రియే ఒకసారి వచ్చి, “ఏమన్నా పట్టిందా?” అని తొంగిచూచిపోయిరి.

మూడు గోడలును మూడు విధములుగ చెప్పినవి.

పడకగది పడమటిగోడమీది కాగితమునకు గోడవైపున నీటిబొట్లు నిలిచినవి. అంతకుముందే మఱియొక గుర్తు కనబడుచుండెను: మచ్చ చుట్టును గోధుమవర్ణపు గీత, వాన కురిసిన మఱునాడు ఆ గీత మఱికొంత క్రిందికి దిగుట. డాబా యెక్కి చూడగా ఆ మూలనే వాననీరు పోవు తూము వేపాకులతోను, ఎవరి పిల్లలదో యొక రబ్బరుబంతితోను మూసికొనిపోయి, నీరు పాదములు మునుగునంత నిలిచియున్నది. పిట్టగోడ మొదట నిలువునా ఒక నెఱ్ఱె. అది 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను ఈ పట్టణముపై బడిన నాటిదని పిన్నిగారు జ్ఞాపకము చేసికొనిరి. ఆనాడు కొబ్బరిచెట్టు విఱిగి పిట్టగోడపై బడెనట. మేస్త్రీ వచ్చి చూచి, “అమ్మా, గోడకి రంగేత్తే ఏటవుద్ది? నీరు పైనించి దిగతంది. ముందల ఆ తూము సూడండి” అనెను. అతడాడిన మాటలలో వ్యర్థమైనది ఒక్కటియు లేదు.

తూము ఆనాడే తీయించితిమి. నెఱ్ఱె మాత్రము తడిలో పూడ్చరాదు. ఈ తీరమున నైరృతి వానలు తగ్గినను అక్టోబరు, నవంబరు మాసములలో తుఫానుల భయముండును గనుక డిసెంబరు వఱకు ఆగితిమి. అందాక నెఱ్ఱెమీద టార్పాలిను కప్పి రాళ్లు పెట్టితిమి. అప్పుడు మేస్త్రీ నెఱ్ఱెను లోతుగా చెక్కి, కడిగి, సిమెంటుతో పూడ్చి, డాబాగచ్చును పిట్టగోడయు కలియు మూలలో నీరు నిలువకుండ గుండ్రముగ వాలు కట్టెను. కూలియు సామానును కలిపి 6,800 రూపాయలైనవి. గోడ వెంటనే యాఱదు. తడిసిన యిటుక గోడ లోపలివఱకు ఆఱుటకు నెలలు పట్టును. పని ముగిసినదని మఱునాడే రంగు వేసినవారు ఆ చెమ్మను లోపలనే మూసి పెట్టిన వారగుదురు. మేము ఫాల్గుణమువఱకు గోడను బోసిగా నుంచితిమి. చూచువారికి వికారముగ నుండెను గాని, వచ్చిన బంధువులకు కారణము చెప్పుటచే నిద్దఱు తమ యిండ్ల డాబాలెక్కి తూములు చూచుకొనిరి.

రెండవది ముందుగది గోడ యడుగుభాగము. అచ్చట మూరెడెత్తువఱకు రంగు పెచ్చులుగా లేచి, క్రింద తెల్లని పొడి రాలుచుండెడిది. అందఱును దానిని బూజే యనిరి. అది బూజు కాదు. చిటికెడు పొడి నీటిలో వేయగా కరగిపోయినది, బూజైనచో కరగదు. అది ఉప్పు. పాతయిండ్లలో పునాదిపై చెమ్మ నాపెడు పొర లేనిచో, ప్రమిదలోని వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నేలలోని నీటిని పైకి పీల్చును. ఆ నీటితో వచ్చిన యుప్పు, నీరావిరియైన పిమ్మట గోడపైన మిగులును. ఆ యుప్పు వానకాలమున గాలిలోని తేమను మరల త్రాగి గోడను తడుపుచుండును. దీనికి కాపురమున్నవారు చేయగలిగినది స్వల్పము. ప్లాస్టిక్ రంగు మాత్రము వేయనీయరాదు. అది గోడ రంధ్రములను మూసివేయుటచే నీరు బయటికి రాలేక మఱికొంత పైకెక్కును. సున్నము వేసినచో గోడ యూపిరి విడుచును. సున్నమునందలి క్షారము బూజునకు గిట్టదు. అయితే సున్నము గాలి తగిలి క్రమముగ ఆ క్షారమును కోలుపోవును. కావుననే మన పెద్దలు ఏటేట పండుగకు ముందు సున్నము వేయించుచుండిరి. ఈ గోడకు మేమడిగినది ఒక్క సున్నమే. బీరువాను, పుస్తకముల బల్లను గోడనుండి జానెడు దూరము జరిపి, వెనుకకు గాలి పోవునట్లు చేసితిమి.

మూడవది అన్నిటికంటె విచిత్రమైనది. మా సామానుగదికి వెలుపలిగోడయే లేదు, వాన తగులదు. అయినను బియ్యపుడబ్బాల వెనుక గోడ నిండ బూజు. కాగితము తీయబోగా గదివైపున చేయి పెట్టిన తడి యంటుకొన్నది. వెనుకవైపు పొడిగా నున్నది. ఆ పలుచని గోడ కావలిప్రక్క పొరుగువాటావారి పడకగది. ఆ యింటాయన రాత్రిపూట పని చేసి పగలు నిద్రించువారు గనుక తలుపులన్నియు మూసి, ఏ.సి. యంత్రమును 18 డిగ్రీలకు పెట్టెడివారు. వేసవిలో చల్లని నీళ్లచెంబు వెలుపల చెమర్చుట మనమెఱిగినదే కదా! ఆ గోడ మా వైపున అట్టి చెంబైనది. 30 డిగ్రీల వేడియు, నూటికి 80 పాళ్ల తేమయు గల గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడినచోట తనలోని నీటిని విడిచివేయును. విశాఖపట్టణమున వానకాలపు గాలి అట్టిదే. చల్లదనము వారికి, చెమట మాకు!

ఈ సంగతి చెప్పుట కొంచెము నాజూకైన పని. అడ్డముగా గీతలు గీసి, చెంబుదాహరణము చెప్పగా, ముందు నవ్వి, పిమ్మట గోడమీద చేయిపెట్టి చూచి, ఆ వదినగారు నివ్వెఱపోయిరి. 2020 జనవరి 1 నుండి గదులకు వాడు ఏ.సి. యంత్రములు మొదట 24 డిగ్రీలయొద్దనే పనిచేయ మొదలిడునట్లు తయారుచేయవలెనని కేంద్రప్రభుత్వము నియమించినది. అది విద్యుత్తు పొదుపుకొఱకు. దానిని 26 చేసి, పైన ఫ్యాను వేసికొన్నచో నిద్రకు లోపముండదని చెప్పితిమి. ఆయన వారముదినములు గొణిగి, కరెంటు బిల్లు వచ్చిన పిమ్మట గొణుగుట మానిరని తెలిసినది. సామానుగది గోడ తరువాత చెమర్చలేదు.

ఇట్లు ఒక నీరు యజమానురాలి డాబాదనియు, ఒక నీరు నేలదనియు, ఒక నీరు పొరుగువారి చల్లదనమువలన దిగినదనియు తేలిన పిమ్మట పిన్నిగారితో మాటలాడుట తేలికయైనది. అయినను నోటిమాటతో విడువలేదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమున 108వ సెక్షను కౌలుదారునకును యజమానికిని గల బాధ్యతలను చెప్పుచున్నది. వేఱు ఒప్పందము లేనియెడల, యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసిచ్చిన పిమ్మట తగిన కాలములో చేయనిచో, కాపురమున్నవారు తామే చేయించి, ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చును. అనగా ఈ హక్కును వాడుకొనుటకైనను ముందుగా యజమానికి నోటీసీయక తప్పదు. ఈ మాటను స్త్రీలు గమనింపవలెను: చెమ్మను గుఱించి చెప్పుట తగవు కాదు, అవసరము. 2021 జూన్ 2వ తేదీన కేంద్రమంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టమునందును, కట్టడపు మరమ్మతులు, గోడలకు వెల్లవేయుట, అవసరమైనప్పుడు నీటిగొట్టములు మార్చుట యజమానివంతుగను, కుళాయి వాషర్లు మార్చుట, తూములు శుభ్రపఱచుట మొదలగు చిల్లరపనులు కాపురస్థుల వంతుగను వ్రాయబడినవి. నివాసపుటిండ్లకు అడ్వాన్సు రెండునెలల యద్దెకు మించరాదనియు నున్నది. అయితే అది నమూనా మాత్రమే. ఆయా రాష్ట్రములు తమ శాసనముగ జేసికొన్నగాని అమలు కాదు.

మేము వ్రాసిన జాబు నాలుగు పంక్తులే. “పిన్నిగారికి నమస్కారములు. పడకగది పడమటిగోడ పైభాగమున ఆగస్టు 22వ తేదీ మొదలు చెమ్మ దిగుచున్నది. తూము తీయించితిమి. పిట్టగోడ నెఱ్ఱె పూడ్పించుట యవసరమని మేస్త్రీ చెప్పెను. మీరు చేయింపగలరా, లేక మేము చేయించి యద్దెలో తగ్గించుకొనవలెనా తెలుపగోరెదము.” దానితో తేదీలు పడిన ఛాయాచిత్రములు మూడు జతపఱచితిమి. ఇందు నింద లేదు, పిల్ల దగ్గు లేదు, చట్టపు బెదిరింపు లేదు. పిన్నిగారు చదివి, కొంతసేపు మాటలాడక, “నా దగ్గర ఒక్కసారి అంత డబ్బు లేదమ్మాయీ, మూడు నెలల్లో తగ్గించుకోండి” అని దానిపైననే సంతకము చేసిరి. మమ్ము ఖాళీ చేయుడనలేదు. ప్రతి యజమానియు ఇట్లే యనునని మేము హామీ యీయజాలము. కాని తేదీతో కూడిన కాగితము ఒకటి చేతనున్నచో, ఇల్లు విడుచునాడు అడ్వాన్సు మాట వచ్చినప్పుడు గొంతు హెచ్చింప నక్కఱలేదు.

నీరాగిన తరువాతనే బూజు కడుగుట. చేతులకు తొడుగులు, ముక్కునకు గట్టిగా కూర్చొను మాస్కు ధరించి, పిల్లలను, ఉబ్బసమున్నవారిని బయటికి పంపి, కిటికీలు తెఱచి, ముందుగా మచ్చను తడిపి, సబ్బునీటితో రుద్ది, ఆ గుడ్డను పాఱవేసి, గోడను ఫ్యానుగాలికి ఆఱనీయవలెను. ఇంతకుమించిన మందు సాధారణముగా నక్కఱలేదు. బ్లీచింగు నీరు స్నానపుగది పలకలకు పనికివచ్చును; సున్నపుగోడ లోపలికది చొరదు. దానిని ఆసిడుతోగాని, మఱుగుదొడ్డి కడుగు మందుతోగాని, అమోనియాతోగాని ఎన్నడును కలుపరాదు; ఊపిరి సలుపనీయని విషవాయువు పుట్టును. బూజు లోపలికి దిగిన దూదిపరుపును, తలగడను కడిగి ప్రయోజనము లేదు. మా పిల్ల దూదిపరుపును తీసివేయవలసి వచ్చినది.

పట్టుచీరల విషయమై పాఠకురాండ్రు తప్పక అడుగుదురు. చీరను వాకిట నీడలో దండెముపై విప్పి, బాగుగ ఆఱిన పిదప మెత్తని కుంచెతో మచ్చను విదలింపవలెను, ఇంటిలోపల విదలింపరాదు. ఎఱ్ఱని యెండలో వేసిన రంగు వెలియును. మచ్చపై ఇస్త్రీ పెట్టినచో అది పాతుకొనిపోవును. కలరా ఉండలు పురుగులకు మాత్రమే, బూజునవి యాపలేవు. పెట్టెనిండ ఉండలు పోసి నిశ్చింతగ నుండువారిని చూచి జాలిపడుచుందుము. ప్లాస్టిక్ సంచులకంటె పాత నూలుచీర ముక్కలో చుట్టుట మేలు. బజారున దొరకు తేమ పీల్చు గుళికలు మూసిన పెట్టెలో పనిచేయును. తెఱచిన గదిలో వానిని పెట్టుట సముద్రమునకు గరిటె పెట్టుటవంటిది. మేము కొన్ని వందల రూపాయలకు ఒక చిన్న తేమకొలత యంత్రము కొంటిమి. 60కి లోబడి యుండుట మంచిదందురు. మా యింట జూలై నెలలో అది 80కి దిగదు. అందుచే ఆ నెలలలో తడిగాలి కదలుచుండునట్లు చూచుటయే మా యుపాయము: అటకలు కిక్కిరియనీయము, స్నానము ముగిసిన వెంటనే స్నానపుగది తలుపు మూసి ఎగ్జాస్టు ఫ్యాను వేయుదుము, అన్నపుగిన్నెకు మూత వేయక వండము, వాన వెలిసి యెండ వచ్చిన గంటసేపు బీరువా తలుపులు తెఱచి పెట్టుదుము.

2022 వానకాలమున పడమటిగోడకు మచ్చ రాలేదు. పిల్ల మందు మానలేదు, వైద్యురాలు మానవద్దనిరి. పిల్లికూతలు ఆ యేడు భాద్రపదమున రెండు రాత్రులు మాత్రము వినబడినవి. ముందుగది యడుగున ఉప్పు ఇప్పటికిని రాలుచున్నది. ఏటేట సున్నము వేయించుచున్నారు.

నిరుటి శ్రావణమున పిన్నిగారు ఒక మధ్యాహ్నము వచ్చి కూర్చొని, కాకినాడలో అద్దెకున్న తమ కుమార్తె యింట గోడ చెమర్చుచున్నదనియు, అచ్చటి యజమాని వచ్చి, మీరు లోపల బట్టలారవేయుటవలననే యనుచున్నాడనియు చెప్పిరి. “ఆ కాగితం ఎటువైపు తడిస్తే ఎవరిదన్నావమ్మాయీ? మళ్లీ ఒకసారి చెప్పు, రాసుకుంటాను” అని కొంగుననున్న కళ్లజోడు తీసి పెట్టుకొనిరి.